పోషకం ఎక్కువైన నీళ్ళు

చాలా రోజుల తరువాత టపా వ్రాస్తున్నాను. ఈసారి పద్యం గురించి కాదు, ఛందస్సు గురించీ కాదు, మురుగునీటి గురించి. తెలుగు పండితునికి మురుగునీటితో ఏమి పని అని కొందరు నవ్వుకొనవచ్చు. నాకు ఆ పని ఒక మాట వలన కలిగింది.

మా అబ్బాయి అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటాడు. అక్కడి చిన్న పట్టణాల మురుగునీటి కుంటలను బాగుచేసే పథకాలు గీయడం అతని వృత్తి. నీ పని ఏమిటో తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పమంటే, "నీళ్ళల్ల నుంచి పోషకాలు తీసేసుడు బాపూ" అన్నాడు. పోషకమనగా పోషించునది. పుష్ ధాతువు నుండి పుట్టిన మాటలు మనకు ఎన్నో ఉన్నవి: పుష్టి, పోషణ, పుష్కలం, కళాపోషకుడు. ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పినాను. ఈ కుటుంబంలోని మాటకు కీడును సూచించే అర్థం నాకు ఎక్కడా తగలలేదు. అటువంటి పోషకాన్ని పనిగట్టుకొని, లక్షల డాలర్లు ఖర్చుపెట్టి తీసివేయడమేమిటి? ఆ సంశయం తీర్చుకొనే ప్రయత్నంలో అక్కడ ఒక చలికాలమంతా చూచినవి, తిరిగి వచ్చి ఎల్లారెడ్డి వైపు పొలాలలో విన్నవి కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు ఆ రెండు పోషకాల పేర్లు చెప్పాలి. ఒకటి నత్రజని, రెండవది భాస్వరం. భాస్వరమన్న మాటను ఎవరు కూర్చినారో గాని, వారికి చేతులెత్తి మ్రొక్కవలసినదే. గ్రీకు భాషలో ఫాస్ఫరస్ అంటే వెలుగును తెచ్చునది. సంస్కృతంలో భాస్వరమంటే ప్రకాశించునది. 1669లో హాంబర్గు నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం దొరుకుతుందన్న ఆశతో మనిషి మూత్రాన్ని కాచి కాచి ఈ మూలకాన్ని కనుగొన్నాడు. బంగారం రాలేదు గాని చీకటిలో వెలిగే పదార్థం వచ్చినది. అంటే భాస్వరం లోకానికి మొదట పరిచయమైనదే మన మురుగులో నుండి. ఒక మనిషి విసర్జించే మలమూత్రాలలో ఏడాదికి నాలుగైదు కిలోల నత్రజని, అరకిలో పైచిలుకు భాస్వరం ఉంటవి. అందులో నత్రజని అధికభాగం మూత్రంలోనిదే. ఎరువుల దుకాణంలో రైతు డబ్బు పెట్టి కొనేదీ ఈ రెండింటినే.

పొలంలో పడితే ఇవి వరికి బలం. నీటిలో పడితే నాచుకు బలం. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుగున కుళ్ళుతుంది. ఆ కుళ్ళు నీటిలోని ప్రాణవాయువునంతా తినివేస్తుంది. చేపలు తెల్లగా తేలుతవి. దీనికి శాస్త్రజ్ఞులు యూట్రోఫికేషన్ అని పేరు పెట్టినారు. ఆ గ్రీకు మాటకూ మూలార్థం బాగా పోషింపబడినది అనియే. మన వాడుకలో చెప్పాలంటే నీటికి అజీర్తి చేయడమన్నమాట. అన్నం చెడ్డది కాదు, తిన్న పరిమాణమూ తిన్న చోటూ చెడ్డవి.

ఇది ఊహ కాదని కళ్ళకు కట్టించిన ప్రయోగం ఒకటి ఉన్నది. కెనడాలోని ఆంటారియో రాష్ట్రపు వాయవ్య భాగంలో శాస్త్ర ప్రయోగాలకని కొన్ని సరస్సులను కేటాయించినారు. వాటిని సంఖ్యలతో పిలుస్తారు. అందులో 226వ సరస్సు నడుము సన్నగా, డమరుకం వలె ఉంటుంది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఆ నడుము దగ్గర ప్లాస్టిక్ తెర కట్టి సరస్సును రెండుగా విడదీసినది. ఒక సగంలో కర్బనం, నత్రజని కలిపినారు. రెండవ సగంలో ఆ రెండింటితోపాటు భాస్వరం కలిపినారు. కొద్ది వారాలలోనే భాస్వరం పడిన సగం పచ్చని చిక్కని రంగుకు మారినది. తెరకు ఇవతలి సగం ఎప్పటి వలెనే ఉన్నది. ఆకాశం నుండి తీసిన ఆ ఛాయాచిత్రాన్ని మా అబ్బాయి నాకు చూపించినాడు. ఒకే సరస్సు, ఒకే ఎండ, ఒకే వాన. తేడా అంతా ఒక్క భాస్వరం.

ఇక అయోవా సంగతి. అక్కడ కొన్ని వందల గడపలున్న పట్టణాలు ఊరి చివర రెండు మూడు కుంటలు త్రవ్వి మురుగునీటిని వాటిలోకి వదులుతవి. వారు లగూన్ అంటారు. నేను మడుగు అందామా అనుకొని, చివరకు కుంట అన్న మాటకే వచ్చినాను. మనిషి త్రవ్వినది, కట్ట పోసినది, లోతు తక్కువది. మన కుంటకు దానికి ఆకారంలో భేదం లేదు. దానిలో సూక్ష్మజీవులు మలినాన్ని తింటవి. పైన పెరిగే నాచు ఎండను తీసికొని వాటికి ప్రాణవాయువును అందిస్తుంది. కరెంటు అక్కరలేదు, పెద్ద సిబ్బంది అక్కరలేదు. పేద పట్టణానికి ఇంతకంటె చవకైన ఏర్పాటు లేదు.

కాని చలికాలం వస్తే ఈ ఏర్పాటు మూగపోతుంది. నేను చూచిన కుంట జనవరిలో ఒక తెల్లని మైదానం. పైన మంచు, దాని క్రింద గడ్డకట్టిన నీరు, దాని క్రింద వెలుగు ఎరుగని మురుగు. నాచుకు ఎండ లేదు, నీటికి గాలి తగలదు. మూత్రంలోని నత్రజని నీటిలో అమ్మోనియాగా మారుతుంది. అది చేపలకు విషం. దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు చలికి మహా సుకుమారమైనవి. నీటి వేడి పది డిగ్రీల కంటె తగ్గితే వాటి పని మందగిస్తుంది. అయిదు డిగ్రీల దిగువకు పోతే అటువంటి కుంటలో దాదాపు ఆగిపోతుంది. అందుకని వెనుకటి పద్ధతిలో చలికాలపు నీటిని ఆరు నెలలపాటు కుంటలోనే నిలువచేసి, వసంతంలోను, శరత్తులోను ఏరులో నీరు నిండుగా ఉన్నప్పుడు వదిలేవారు. ఊరు పెరిగితే నిలువకు చోటు చాలదు. ఏరులోని చేపలను కాపాడవలెనని ప్రభుత్వం అమ్మోనియాకు హద్దులు బిగించింది. కుంటలను బాగుచేయడం అందుకే తప్పనిసరి అయినది.

దానికి వారు పడే పాట్లు వింటే జాలి వేస్తుంది. కొన్ని ఊళ్ళు కుంటపైన వేడి పోకుండ తేలియాడే కప్పు వేస్తున్నవి. కొన్ని అడుగున గొట్టాలు పరచి రాత్రింబవళ్ళు గాలి ఊదుతున్నవి. మరికొన్ని కుంట తరువాత కంకరతో నిండిన ఒక పడకను కడుతున్నవి. సూక్ష్మజీవులు ఆ కంకరరాళ్ళను అంటుకొని బ్రతుకుతవి; క్రింది నుండి గాలి అందుతుంది; పైన కట్టెపొట్టు వంటిది దుప్పటి వలె కప్పుతారు. నీరు సున్నా డిగ్రీలకు దగ్గరపడినా అవి పని మానవు. కెనడాలోని మానిటోబాలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతి పూర్తి పేరు సబ్‌మర్జ్‌డ్ అటాచ్‌డ్ గ్రోత్ రియాక్టర్. దాని పొడి అక్షరాలను కూడబలికితే సాగర్ అని వచ్చినది! నిజాంసాగర్ నీళ్ళు త్రాగి పెరిగిన జిల్లావాణ్ణి, ఆ మంచులో నిలబడి ఒక్కణ్ణే నవ్వుకొన్నాను.

భాస్వరం తీయడానికి వారు వాడేది మరీ ఆశ్చర్యం. పటిక జాతికి చెందిన ఉప్పు. అందులోని అల్యూమినియం భాస్వరాన్ని పట్టుకొని ముద్దగా అడుగుకు దిగుతుంది. మా అమ్మ వానాకాలపు ఎర్రనీళ్ళ బిందెలో పటిక త్రిప్పేది. కొందరి ఇండ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. ఆమె ఒండును దించడానికి చేసిన పనినే వీరు భాస్వరాన్ని దించడానికి చేస్తున్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. దానిని గ్రహించిన తరువాతనే నాకు మన చెరువుల సంగతి అర్థమయింది. నత్రజనికి ఆకాశమార్గం ఉన్నది. అమ్మోనియా నైట్రేటు అవుతుంది. నైట్రేటు గాలి ఆడని చోట మరికొన్ని సూక్ష్మజీవుల నోట పడి మామూలు నత్రజని వాయువై గాలిలో కలిసిపోతుంది. భాస్వరానికి ఆ దారి లేదు. అది నీటిలో ఉంటుంది, లేదా అడుగు బురదలో ఉంటుంది. ఎవరో ఒకరు ఆ బురదను ఎత్తి బయటికి తీసికొనిపోతే తప్ప అది చెరువును విడిచిపెట్టదు. అయోవాలో కూడ ఏళ్ళ తరబడి పేరుకొన్న కుంట అడుగు బురదను తోడి, పరీక్షించి, పొలాలకు వేయడం ఉన్నది. ఊరి మురుగును ఆపితే చాలదు, పొలాల ఎరువు కూడ వానతో కొట్టుకొని వస్తుంది. అయోవా వంటి రాష్ట్రాల పోషకాలన్నీ మిసిసిపీ నది మోసుకొనిపోయి మెక్సికో సింధుశాఖలో కలపగా, అక్కడ ప్రతి వేసవిలో ప్రాణవాయువు లేని ప్రాంతం ఏర్పడుతున్నది. 2017లో అది 8,776 చదరపు మైళ్ళకు వ్యాపించింది.

ఇప్పుడు మన వైపుకు వస్తాను. కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోయే దారిలో నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం గడిచినది. దారిపొడుగునా చెరువులు, కుంటలు. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది, అదే గొలుసుకట్టు. ఎల్లారెడ్డి వైపు పొలాలకు నీరిచ్చే పోచారం జలాశయం 1922లో పూర్తయినది. దాని తరువాత మంజీర మీద నిజాంసాగర్ 1931లో లేచినది. జిల్లాలో కురిసిన వాన ఒక వైపు మంజీరకు, మరొక వైపు మానేరుకు పోయినా చివరకు గోదావరిలోనే కలుస్తుంది.

ఈ చెరువులలో వందల ఏళ్ళుగా ఊళ్ళ పెంట, పశువుల మూత్రం, ఆకు అలము వానతో వచ్చి పడుతూనే ఉన్నవి కదా, మరి అవి ఎందుకు కుళ్ళిపోలేదు? ఈ ప్రశ్నకు సమాధానం నా వద్ద చదువుకొన్న ఒక రైతు చెప్పినాడు. అతడు చెప్పినట్లే వ్రాస్తున్నాను.

"సార్, మా నాయిన దినాలల్ల ఎండాకాలం వచ్చిందంటే చెరువుల బండ్ల జాతరే. తెల్లారకముందే బండి కట్టేది. ఒక్కొక్క మడికి ముప్పై నలభై బండ్ల మన్ను కొట్టేది. మళ్ళ మూడేండ్ల దాక ఎరువు సంగతి ఎత్తకపోయేది."

ఇదే గదా పోషకాలు తీసివేయడం! చెరువు అడుగున చేరిన భాస్వరాన్ని ఎడ్లబండి ఏటేటా ఎత్తి మడిలో వేసింది. మడిలో వరి దానిని తిన్నది, మనుషులూ పశువులూ వరిని తిన్నారు, మిగిలినది మళ్ళీ వానతో చెరువుకు చేరినది. ఆ పనికి ఇంజనీరు లేడు, పటిక లేదు, కంకర పడక లేదు. బండి తోలినవానికి భాస్వరమన్న మాట తెలియదు. చెరువు మన్ను చేనుకు మంచిదని మాత్రం తెలుసు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైనది మన సదాశివనగర్ చెరువులోనే. రాష్ట్రమంతటా 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని సంకల్పించినప్పుడు, పూడికమట్టిని రైతులు పొలాలకు తోలుకొనిపోవడం అందులో ముఖ్యమైన భాగం. ఆ రెండు మూడు వేసవులలో ట్రాక్టర్లు బారులు తీరి నిలవడం నేను చూచినాను. పాత జాతర ఒకసారి తిరిగి వచ్చినట్లయింది.

అయితే పాతదంతా బంగారమని నేను అనబోను. ఊరి మలినం ఊరి బయటికి ఎట్లా పోయేదో, ఎవరి తలమీద పోయేదో మన తరంవారికి తెలియనిది కాదు. పాకీదొడ్లు శుభ్రం చేయడమనే పనిని కొన్ని కులాలవారి నుదుట వ్రాసి, ఆ వాసన మనకు తగలకుండ పెరటి వాకిలి వేసికొన్నాము. దానిని నిషేధించడానికి 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో మరొక చట్టం చేయవలసి వచ్చినది. మనిషి తల మీది గంపను దించి, ఆ బరువును గొట్టానికి, కుంటకు, సూక్ష్మజీవికి అప్పగించడం నాగరికతలో ఒక మంచి మెట్టు. అయోవా కుంట ముందు నిలబడినప్పుడు నాకు తోచిన మాట అది. కనుక నేను కోరుకొనేది వెనుకకు పోవడం కాదు.

ఇప్పుడు మన పట్టణాలలో జరుగుతున్నదేమిటి? కామారెడ్డి 2016లో జిల్లా కేంద్రమైనది. ఎల్లారెడ్డి 2018లో మున్సిపాలిటీ అయినది. ఇండ్లు పెరిగినవి, ప్రతి ఇంట మరుగుదొడ్డి వచ్చినది, సంతోషించవలసిన విషయం. కాని ఆ నీరంతా ఎక్కడికి? మోరీలోకి. మోరీ ఎక్కడికి? పల్లానికి. పల్లంలో ఉండేది చెరువో, కుంటో, వాగో. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన కుంభవృష్టికి కామారెడ్డిలో కాలనీలు మునిగినప్పుడు, మోరీకి వాగుకు భేదం లేదని అందరి ఇండ్లలోకి వచ్చి మరీ నీరే చెప్పిపోయింది. తక్కిన రోజులలో ఆ సంగతి చెప్పేది గుర్రపుడెక్క. ఊదాపూలతో, నునుపైన ఆకులతో చూడ ముచ్చటగా నీటిని కప్పివేస్తుంది. ఆ మొక్క పోషకాలు మిక్కుటంగా ఉన్న నీటిలోనే అట్లా విర్రవీగుతుంది. దానిని చూచినప్పుడు చెరువు మనకు చీటీ వ్రాసి పంపినట్లు భావించవలె. మనం కట్టమీద రంగు దీపాలు పెట్టి, నడకదారి వేసి, ఆ చీటీ చదవకుండానే మడిచిపెడుతున్నాము.

ఆ రైతే తరువాత మరొక మాట అన్నాడు. "ఇప్పుడు ఊరు పక్క చెరువు మన్ను ఎవ్వలు తెస్తలేరు సార్. గాజుపెంకులు కాళ్ళకు గుచ్చుకుంటున్నయ్. సూదులు గూడ ఎల్తున్నయ్. మడిల ఎట్ల ఏస్తం?" నన్ను అన్నిటికంటె ఎక్కువ కలచినది ఈ మాటే. మురుగు వలన చెరువు చెడిపోవడం ఒక నష్టం. చెత్త వలన ఆ బురదను పొలానికి చేర్చే దారి మూసుకొనిపోవడం అంతకంటె పెద్ద నష్టం. భాస్వరానికి ఆకాశమార్గం లేదు. ఉన్న ఒక్క బండిబాటలోనూ మనం గాజుపెంకులు పరచినాము. అది చెరువులో పేరుకొంటూ ఉంటే, పొలానికి కావలసిన భాస్వరపు రాయిని చాలావరకు మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుండి ఓడలలో తెప్పించుకొంటున్నాము.

చట్టాల సంగతి కూడ ఒక్క ముక్క. మురుగునీటి శుద్ధి కేంద్రాలు ఎంత శుభ్రమైన నీటిని వదలాలో చెబుతూ 2017లో కేంద్రం ఇచ్చిన ప్రకటనలో నత్రజనికి, భాస్వరానికి హద్దు లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంతకంటె కఠినమైన ప్రమాణాలు ఉండాలని, ఈ రెండింటికీ హద్దు ఉండాలని ఆదేశించింది. అంటే ఈ పోషకాల మాట ఇక్కడి పెద్దలకు తెలియనిది కాదు. కాని చిల్లగింజ పేరు తలచుకొన్నంత మాత్రాన బిందెలో నీరు తేటపడదు. గింజను అరగదీయవలసినదే.

ఒకనాడు ఈ విషయాలన్నీ ఏకరువు పెడుతుంటే మా అబ్బాయి అన్నాడు: "మా దగ్గర బాక్టీరియాకు చలి అడ్డం బాపూ. మీ దగ్గర ఏం అడ్డం?" ప్రశ్న బాగున్నది. అయితే వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక నా చెవికి మొదట తగిలినది సర్వనామం. ‘మా దగ్గర’ అంటే అయోవా; ‘మీ దగ్గర’ అంటే కామారెడ్డి. తెలుగువారికి ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ఎల్లారెడ్డి చెరువులో ఈత నేర్చిన పిల్లవాడు ‘మన దగ్గర’ అనలేదు. నేను దిద్దలేదు. అతడు ఆ ఊరి ఏరులోని చేపల కోసం మంచులో నిలబడి లెక్కలు వేస్తున్నాడు. ఆ ‘మా’ అతడు కష్టపడి సంపాదించుకొన్నది. ఈ చెరువును ‘మా చెరువు’ అనడానికి ఇక్కడ ఉన్న మేము ఏమి చేసినామని అతనిని తప్పుపట్టను?

అడ్డమేమీ లేదన్నది అతని ప్రశ్నలోనే ఉన్న సమాధానం. మన నేలన చలికాలపు తెల్లవారుజామున కూడ కుంట నీరు గడ్డకట్టదు. సూక్ష్మజీవికి పన్నెండు నెలలూ పనిదినాలే. ఎండ ధర్మానికి కాస్తుంది. కలకత్తాకు తూర్పున ఉన్న చిత్తడినేలల్లో నగరపు మురుగునీటిని ఎండకు నిలిపి, ఆ పోషకాలతోనే చేపలు పెంచి అమ్ముకొంటున్నారు. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు లభించినది. అంత పెద్ద పథకం మనకు అక్కరలేదు. మోరీ చెరువులో కలవకముందు శిఖం అంచున వరుసగా రెండు మూడు కుంటలు ఉంటే, మురుగు వాటిలో నిలిచి తేరుకొన్న తరువాతనే చెరువుకు వస్తుంది. గుర్రపుడెక్కను కుళ్ళనీయక ముందే ఒడ్డుకు లాగి ఎరువుగుంటలో వేస్తే, అది తిన్న భాస్వరం నీటి నుండి బయటపడుతుంది. కుళ్ళనిస్తే తిన్నదంతా తిరిగి చెరువులోనే కక్కుతుంది. గాజు, సూది, ప్లాస్టిక్ మోరీలో పడకపోతే, పరీక్ష చేయించి ఆ బురదను మళ్ళీ మడికి తోలవచ్చు. వీటిలో మొదటిది మున్సిపాలిటీ పని. మూడవది మాత్రం మన వాకిట్లో పని.

నేను ఇంజనీరును కాను. కుంట ఎంత లోతుండాలి, నీరు ఎన్ని రోజులు నిలవాలి అన్న లెక్కలు తెలిసినవారు చెప్పాలి. అటువంటి మిత్రులు ఈ టపా చదివితే నేను చెప్పినవాటిలో లోపాలుంటే దిద్దగలరు. తక్కినవారికి ఒక్క మనవి. మీ ఊరి చెరువు అడుగు మన్ను ఈ పదేళ్ళలో ఎవరైనా పొలానికి తోలుకొనిపోయినారా? పోతే ఏ సంవత్సరం, పోకపోతే ఎందుకు? ఊరి పేరుతో సహా వ్యాఖ్యలలో వ్రాయండి. వచ్చిన వివరాలన్నీ ఒక పట్టికగా కూర్చి, ఎండాకాలం రాకముందే మళ్ళీ వ్రాస్తాను.